పచ్చ ఇగువానా పోషణ

ఆర్మూరులో మా మేనమామగారి ఇంట ఒక క్రొత్త ప్రాణి ప్రవేశించినది. దాని పేరు పచ్చ ఇగువానా. చూచుటకు మన తొండకు పెద్దన్నవలె నుండును. మధ్య, దక్షిణ అమెరికా ఖండముల ఉష్ణారణ్యములలో చెట్లపై నివసించును. పిల్లలు ముచ్చటపడగా కొనిరి. "చదువుకున్నోనివి, దీన్ని ఎట్ల సాదాలె అల్లుడా?" అని మామగారు అడుగగా, గాజు పెట్టెలో నుంచి, ఎండ పడు కిటికీ వద్ద పెట్టుడని మేము సలహా యిచ్చితిమి.

పసుపు తవ్వకముల నాటికి మరల వెళ్ళితిమి. దాని దవడ ఉబ్బినది. వెనుక కాళ్ళు వణకుచున్నవి. కొమ్మ యెక్కలేక జారిపడుచున్నది. మామగారు పసుపు ఆరుచున్న కళ్ళమును చూపి, "కళ్ళంల ఎండ, అద్దం సాటు ఎండ ఒక్కటేనా?" అనిరి. మా చదువు అక్కడ వెలవెలబోయినది.

సరీసృపముల వైద్యము తెలిసిన పశువైద్యుడు ఆ మాటనే శాస్త్రరీత్యా వివరించెను. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకినప్పుడే ఇగువానా చర్మములో డి విటమిను తయారగును. అది లేనిదే తిన్న సున్నపు ధాతువు ఒంటబట్టదు, ఎముకలు మెత్తబడును. కిటికీ గాజు వెలుతురును రానిచ్చును గాని, ఆ కిరణములను అడ్డగించును.

కావున ఉదయపు ఎండలో తీగెవల పంజరమున ఉంచవలెను. సగభాగమున నీడ తప్పక ఉండవలెను. గాజు పెట్టెను ఎండలో పెట్టరాదు. లోపల వేడి పెరిగి ప్రాణము పోవును. ఇంటిలోనైన యెడల ఆ కిరణములనిచ్చు ప్రత్యేక దీపము కావలెను. వెచ్చబడు చోట 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి చాలును. మన చలికాలపు రాత్రులు దానికి ప్రమాదకరములు. 2020 జనవరిలో ఫ్లోరిడాలో చలికి ఇగువానాలు కొయ్యబారి చెట్లపైనుండి రాలిపడినవి. మన వేసవి పొడిగాలికి దినమునకు రెండు మూడు మారులు నీరు చిలకరించవలెను.

ఇది శాకాహారి, గ్రుడ్లు, మాంసము పెట్టరాదు. మునగాకు, మందార ఆకులు, పూలు, గుమ్మడి శ్రేష్ఠములు. పాలకూర, తోటకూరలలోని ఆక్సాలిక్ ఆమ్లము సున్నమును బంధించును గనుక వానిని మితముగా పెట్టవలెను. తాకిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. తోక పట్టి లాగిన, తెగిపోవును.

చట్టము సంగతి కూడ తెలియవలెను. ఇట్టి విదేశీ ప్రాణులను పెంచువారు 2024 నాటి కేంద్ర నియమముల ననుసరించి నమోదు చేయించుకొనవలెను. ఇగువానా వంటిదే కదా యని గుట్టలలోని ఉడుమును పట్టి తెచ్చుట నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది. విసిగి ఇగువానాను పొలములలో విడిచిపెట్టుటయు తగదు.

మామగారి ఇగువానా ఇప్పుడు కొమ్మ యెక్కుచున్నది. దవడ వాపు తగ్గినది. కాలి వంకర మాత్రము పోలేదు. చక్కగా సాకిన ఇది అయిదడుగులు పెరిగి, 15 నుండి 20 సంవత్సరములు బ్రతుకును. నేడు ముచ్చటపడిన పిల్లవాడు అప్పటికి సంసారి యగును. కొనుటకు ముందే ఇంటిల్లిపాది కూర్చుండి, అన్నాళ్ళు దానికి ఎండ చూపువారెవరో తేల్చుకొనుడు. ఆ ప్రశ్న అడుగకనే మేము సలహా యిచ్చితిమి, మీరట్లు చేయవలదు.