సొంతంగా నిలబడే అమెరికా సినిమా

2025 మార్చిలో 'అనోరా' సినిమా ఉత్తమ చిత్రంతో కలిపి 5 ఆస్కార్లు గెలిచింది. దానికి అయిన ఖర్చు సుమారు 60 లక్షల డాలర్లే. పెద్ద స్టూడియోల లెక్కలో అది చిల్లర డబ్బు. దర్శకుడు షాన్ బేకర్ కథ తానే రాసుకున్నాడు, ఎడిటింగూ తానే చేసుకున్నాడు. 2015లో వచ్చిన 'టాంజరీన్' కోసమైతే ఐఫోన్ 5ఎస్‌కు చిన్న లెన్స్ తగిలించి లాస్ ఏంజెలెస్ వీధుల్లో షూటింగ్ చేశాడు. ఆ మండుటెండ, ఆ రోడ్ల సందడి తెర మీద చూసి తీరాలి.

అవార్డులు సరే, ఇల్లు గడవాలి కదా! ఒక్క సినిమాకు మూడేళ్లు పట్టొచ్చు, అన్నాళ్లూ రాబడి ఉండకపోవచ్చు అని ఆస్కార్లకు కొద్దిరోజుల ముందు బేకరే ఒక వేదిక మీద బాధపడ్డాడు. ఒకప్పుడు డీవీడీ అమ్మకాలు చిన్న నిర్మాతను గట్టెక్కించేవి. ఇప్పుడా ఆదాయం దాదాపు పోయింది, ఓటీటీ సంస్థలేమో ఆచితూచి కొంటున్నాయి. సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో చప్పట్లు అందుకున్న చిత్రాలు సైతం కొనేవాళ్ల కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నాయి. ఇది నిజంగా అన్యాయం.

అయినా తీసేవాళ్లు వెనక్కి తగ్గడం లేదు. దర్శకుడు బ్రాడీ కార్బెట్ 'ది బ్రూటలిస్ట్' సినిమాను కోటి డాలర్లకు లోపే తీశాడు. నిడివి మూడున్నర గంటలు, మధ్యలో 15 నిమిషాల విశ్రాంతి!