విమానం ఎక్కేముందు వీసా చదవండి

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ ముచ్చట తెలియని ఇల్లుండదు. అయినా విజిట్ వీసాకూ పని వీసాకూ తేడా తెలియక మోసపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. విజిట్ వీసా చూసి రావడానికే. దానిమీద పనిచేస్తే నేరం. ఇక ‘ఆజాద్ వీసా’ అన్నది ఏ చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక కఫీల్ (వీసా ఇచ్చే యజమాని), పని చేసేది మరొకరి దగ్గర. పట్టుబడితే జైలు, ఆపైన ఇంటిదారి. పేరు మాత్రం ఆజాద్, అంటే స్వేచ్ఛ!

పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) రకానిది. వాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనూ ఉంది. అనుమతి కోసం ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు అందుతాయి. విజిట్ వీసా మీద పోయినవారికి ఈ ఆసరా ఉండదు.

గల్ఫ్‌కు పంపే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. అతని సేవారుసుము, జీఎస్టీ కాక, 30 వేలు దాటకూడదు. డబ్బు కడితే రసీదు అడిగి తీసుకోండి.