చీకటి నదిలో సొరచేప దంతాలు
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణం అయిన తరువాత సొరచేప పళ్ళ గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. రైల్వే గుమాస్తాకు సముద్రం గొడవ యెందుకని వారి అనుమానం. నేను చెప్పబోయేది సముద్రం సంగతి కాదు, ఒక నది సంగతి.

అమెరికాలో దక్షిణ కరోలినా అనే రాష్ట్రం వున్నది. అక్కడ చార్లెస్టన్ రేవులో కలిసే కూపర్ నది అడుగున లక్షల యేండ్ల నాటి సొరచేప దంతాలు దొరుకుతాయి. నదిలోకి అవి యెలా వచ్చాయంటారా? ఒకప్పుడు ఆ ప్రాంతమంతా సముద్రమే. సొరచేప అస్థిపంజరం మన చెవిదొప్పలోని మెత్తని యెముకవంటిది. చచ్చిన తరువాత చివికిపోతుంది. పళ్ళు మాత్రం గట్టివి. ఊడినదాని వెనుక మరొకటి సిద్ధంగా వుంటుంది గనుక ఒక్క చేపే బ్రతికినన్నాళ్ళలో వేల పళ్ళు రాలుస్తుంది. అవి మట్టిలో కూరుకుని, ఖనిజాలు పట్టి, రాయిగా మారాయి. సముద్రం వెనక్కు తగ్గాక నది ఆ పాత అడుగును కోసుకుంటూ పారింది. మన ఆడవాళ్ళు బియ్యం గాలిస్తే రాళ్ళు గిన్నెలో మిగిలినట్లు, సన్నమట్టి కొట్టుకుపోగా బరువైన దంతాలు గులకరాళ్ళ మధ్య నిలిచిపోయాయి.

వీటిలో పెద్దది మెగలొడాన్ అనే సొరచేపది. యాభై అడుగులు దాటిన ఆ జంతువు సుమారు 36 లక్షల యేండ్ల క్రిందట అంతరించింది. దాని పన్ను ఆరంగుళాలు వుంటే గొప్ప. యేడంగుళాలది బహు అరుదు.

ఇక దిగడం సంగతి. చిత్తడి అడవుల ఆకులూ వేళ్ళూ నానిన నీరు గనుక అది టీ డికాక్షన్ రంగులో వుంటుంది. కొన్ని అడుగులు దిగేసరికి పగలే రాత్రి అవుతుంది. ముప్ఫై నలభై అడుగుల లోతున తలకు దీపం కట్టుకున్నా జానెడు మూరెడు మించి కనబడదు. పైగా సముద్రపు ఆటుపోటులకు నది ఒకపూట ఇటు, ఒకపూట అటు లాగుతుంది. డైవరు నడుముకు సీసపు బరువులు కట్టుకుని, బోర్లా పడుకుని, స్క్రూడ్రైవరు వంటి మొనగల పనిముట్టును నేలలో గుచ్చి పట్టుకుంటాడు. రెండవ చేత్తో గులకను తడుముతాడు. అక్కడ కన్ను చేయవలసిన పని వ్రేళ్ళు చేస్తాయి. అంచున రంపపు పళ్ళవంటి గరుకు తగిలితే అదృష్టం. తరచు తగిలేది వట్టి రాయి, లేదా పాతసీసా పెంకు.

మునిగిన చెట్ల కొమ్మలకు, తెగిన గాలపు దారాలకు చిక్కుకోవచ్చు. మొసళ్ళ జాతికి చెందిన అలిగేటర్లు ఆ నదిలో వున్నాయి. గాలి సిలిండరు గంటకు అటూ ఇటూగా అయిపోతుంది. ఆ నదిలో ప్రాణాలు పోగొట్టుకున్న డైవర్లు వున్నారు. ఒక పన్ను కోసం ఇంత తెగింపా అని మా ఇంట్లోవాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా మట్టుకు, చేతికి తగిలిన పన్నును వదిలి గాలి వుండగానే పైకి వచ్చేవాడే నిజమైన డైవరు. లక్షల యేండ్లు వున్నది రేపు కూడా వుంటుంది. ఇంటి దగ్గర యెదురుచూసేవాళ్ళు అలా కాదు.

అక్కడి ప్రభుత్వం దీనికి లైసెన్సు పెట్టింది. నది అడుగున వున్నది రాష్ట్రానిదని చట్టం. సరదాకు దిగేవారు చేతులతోనే యేరుకోవాలి. దొరికినవాటి వివరం వ్రాసి పంపాలి. ఈ పద్ధతి నాకు నచ్చింది. యెక్కడ దొరికిందో వ్రాయని పన్ను, చిరునామా లేని పార్శిలు వంటిది.

మన పిల్లలు ఇదంతా పరదేశపు వింత అనుకోనక్కరలేదు. మనం స్థిరపడిన ఈ ఒడిశాలోనే, మయూర్‌భంజ్ జిల్లా బారిపదా దగ్గర బుఢాబలంగ నది ఒడ్డున పాత సముద్రపు పొరలు బయటపడ్డాయి. వాటిలో సొరచేప దంతాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. తమిళనాట అరియలూరులో ఇంకా పాతవి, డైనోసార్ల కాలంనాటివి వున్నాయి. ఈ రెండు చోట్లా నీళ్ళలో మునగవలసిన పని లేదు.