నవగుంజరానికి నాలుగో కాలు లేదు

(కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

న్యాయవాదిని గనుక చట్టాలను గురించి మాట్లాడతానని మీరు అనుకొని ఉండవచ్చు. ఈరోజు మా ఇంట్లో ఒక బొమ్మ నిలబడిన తీరును మాత్రమే మనవి చేస్తాను.

మాది బరంపురం. పదేళ్ల మా అబ్బాయికి ఆట ఇటుకలంటే ప్రాణం. ఒకనాడు, పెట్టెలోని కాగితం చూసి కట్టిన డ్రాగన్‌ను తానే విప్పేసి, "నాన్నా, పెట్టెలో లేని జంతువును కడదాం" అన్నాడు. మా అమ్మగారు వెంటనే "నవగుంజరాన్ని కట్టండి" అన్నారు.

15వ శతాబ్దపు ఒడియా కవి సారళా దాసు మహాభారతంలోని రూపమది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. ఏనుగు, పులి, జింక కాళ్లు మూడు. నాలుగో కాలికి బదులు పద్మం పట్టిన మనిషి చేయి. తపస్సులో ఉన్న అర్జునుడు ఆ వింత మృగాన్ని చూచి విల్లు ఎక్కుపెట్టాడు. ఆ చేతిని చూచి, వచ్చినవాడు శ్రీకృష్ణుడని గ్రహించి విల్లు దించాడు. ఒడిశా పటచిత్రాలలోను, గంజపా ఆట ముక్కలలోను ఈ రూపం నేటికీ కనిపిస్తుంది.

ఇక ఇటుకల సంగతి. డెన్మార్కులోని లెగో సంస్థ 1958లో ఈ ఇటుకకు పేటెంటు కోరింది. నాటి ఇటుక నేటి ఇటుకకూ అతుకుతుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే 91,51,03,765 విధాలుగా కూర్చవచ్చునని గణితజ్ఞులు లెక్క తేల్చారు. పేటెంటు గడువు తీరిన పిమ్మట, ఇటుక ఆకారాన్ని వాణిజ్య చిహ్నంగా నమోదు చేయుట చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2010లో తీర్పు చెప్పింది. కనుకనే తక్కువ ధరకు దొరికే ఇతరుల ఇటుకలు కూడా వీటితో కలుస్తాయి. మా పెట్టెలో రెండు రకాలూ ఉన్నాయి.

మొదటిరోజు తొమ్మిది అవయవాలను విడివిడిగా, ముచ్చటగా కట్టాము. కలిపేసరికి బొమ్మ ముక్కుమీద పడింది. తల, మెడ ముందుకు చాచి ఉన్నాయి. మోసేవి మూడే పాదాలు. ఆ మూడింటినీ కలిపే త్రిభుజం లోపల బరువు పడకపోతే బొమ్మ నిలవదు. నాలుగుసార్లు పడిన తర్వాత మావాడు విసిగి, "చేయి తీసేసి నాలుగో కాలు పెడదాం నాన్నా, హాయిగా నిలబడుతుంది" అన్నాడు.

ఆ మాటలో తర్కం ఉంది. నేను కూడా సరేననబోయాను. ఇంతలో మా అమ్మగారు "చేయి లేకపోతే అర్జునుడు బాణం వేసేస్తాడు కదరా" అన్నారు. వాడు చేతిలోని ముక్కను కింద పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొత్తం విప్పేశాడు.

రెండోసారి ముందుగా వెన్నెముక కట్టాము. తాపీమేస్త్రీ గోడ కట్టినట్లు, అతుకు మీద అతుకు రాకుండా ఇటుకలు పేర్చాము. నెమలి మెడను లోపల బోలుగా ఉంచాము. సింహం నడుమును ఇటుకలతో నింపాము. లావైన ఏనుగు కాలిని ముందుకు తెచ్చి, రొమ్ము నడిమికి జరిపాము. బరువుకు జారిపోయే గుండ్రని కీలు తీసివేసి, భుజంలో నుండి ఇరుసు దూర్చి చేతిని బిగించాము. పాము తోకను వెనుకకు సాగదీశాము. ముందు బరువుకు అది సరితూగింది.

వారం రోజులు పట్టింది. ఇప్పుడది మా అమ్మగారి గదిలో, కిటికీ పక్కన నిలబడి ఉంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు పెట్టెలో లేనిదాన్ని కడతామంటే వద్దనకండి. ఏది కట్టాలో ఇంట్లోని పెద్దవారిని అడగనివ్వండి. కట్టినది పడిపోతే, ఏది తీసివేస్తే సులువవుతుందని మాత్రమే చూడకండి. ఏది తీసివేయరాదో ముందుగా ఆలోచించండి. మా బొమ్మలో అన్నిటికన్నా చిన్నది ఆ చేయి. అర్జునుడు గుర్తుపట్టింది దానినే.