మూత్రపిండములు - ఇనుము - గుండె

మూత్రపిండవ్యాధి ముదిరినవారు పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడుటను మీరు చూచియే యుందురు. ఇనుపమందులు మ్రింగినను వారిలో పెక్కుమందికి రక్తము పట్టదు. కారణమేమి?

కాలేయమున హెప్సిడిన్ అను హార్మోను పుట్టును. దీనిని శాస్త్రజ్ఞులు 2000-2001 సంవత్సరములలో గుర్తించిరి. ఇది గాదెకు వేసిన తాళమువంటిది. ఇనుమును రక్తములోనికి విడువదు. మూత్రపిండములు చెడినచో ఇది బయటికి పోక పేరుకొనును. గాదె నిండియున్నను వంటయింట గింజ యుండదు!

రక్తము తగ్గినకొలది గుండె అధికముగ శ్రమించును. దాని గోడలు దళసరియగును. డయాలిసిస్ రోగులలో హెప్సిడిన్ హెచ్చినవారికి హృద్రోగములు అధికమని కొన్ని పరిశోధనలు తెల్పినవి. అదియే మూలకారణమని మాత్రము రుజువు కాలేదు.

కావున పెద్దలారా, అట్టి రోగికి బలపుమందు కొనియిచ్చి ఊరకుండకుడు. రక్తమును, గుండెను పరీక్ష చేయింపుడు. ఇనుమును సిరలోనికి ఎక్కించు పద్ధతి కలదు. రక్తము పెంచు సూదిమందు మితిమీరిన పక్షవాతభయము కలదు గనుక, వైద్యుని యాజ్ఞ దాటకుడు.