చెట్టుకు మార్చి 31 తెలియదు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకిచ్చిన పదిహేను నిమిషాలలో వేరొక విషయం విన్నవించుకుంటాను. మన మెట్ట పొలాలలో చెట్ల పెంపకంపై ప్రభుత్వం చేయించే పరిశోధన, దానికి ఉండవలసిన ఆసరా, ఇవీ నేటి నా విషయం.

ఇది మనకెందుకని అనుకోవద్దు. ఈ హాలులో చాలామందికి ఊళ్ళో రెండో మూడో ఎకరాలున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. పొలం కౌలుకిచ్చాం. కౌలుదారు ఏటా వచ్చి మిర్చికి తెగులు, ప్రత్తికి పురుగు అని గోడు చెప్పుకుంటాడు. "ఈ బాధంతా ఎందుకు బాబాయిగారూ, సుబాబుల్ వేసి పడేయండి, నాలుగేళ్ళకోసారి కొట్టించుకోవచ్చు" అని సలహా చెప్పేవారికీ కొదవ లేదు. ఆ సలహా వినాలా, వద్దా? దీనికి నమ్మదగిన జవాబు చెప్పవలసినది పరిశోధనే.

మన నల్లరేగడి సంగతి మీకు తెలుసు. వానకు ఉబ్బి జిగురవుతుంది. ఎండలకు కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలు లేత వేళ్ళను తెంపుతాయి. అందుకే ఎర్రనేలలో బ్రతికే ప్రతి చెట్టూ ఇక్కడ బ్రతకదు. మన పెద్దలు గట్ల మీద నల్లతుమ్మను, వేపను ఉంచారు. తుమ్మ నాగలికి, బండికి. వేప నీడకు, పిండి ఎరువుకు. చీరాల వైపు ఇసుక నేలల్లో సరుగుడు వేశారు. 2022లో జిల్లాలు విడిపోయి బాపట్ల, పల్నాడు ఏర్పడినా నేల స్వభావం మారలేదు కదా!

1987-88లో తెల్లదోమ ప్రత్తిని ఊడ్చిపెట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడు మనలో ఎవరూ మరచిపోలేదు. తెల్లదోమను తట్టుకునే కాంచన రకం ప్రత్తి మన లాం ఫారం నుండే వచ్చింది. ప్రభుత్వ పరిశోధన విలువ ఏమిటో తెలియడానికి అదొక్కటి చాలు.

అదే 1988లో వచ్చిన జాతీయ అటవీ విధానం, కాగితపు మిల్లుల వంటి పరిశ్రమలు అడవుల మీద ఆధారపడకుండా రైతుల చేత కలప పెంచించుకోవాలని చెప్పింది. 1989 నుండి భద్రాచలం మిల్లువారు మేలైన జామాయిల్ చెట్ల నుండి క్లోన్ మొక్కలు తీయసాగారు. ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ తోటలు విస్తరించాయి. కూలీల కొరత, పురుగుమందుల ఖర్చు తప్పాయని రైతులు సంతోషించారు.

ఎకరాకు ఎంత కలప, అందులో ఎంత గుజ్జు అని మిల్లువారు చూస్తారు. అది వారి వ్యాపారం, తప్పు కాదు. కాని మిగిలిన ప్రశ్నలు ఎవరు అడగాలి? వరుసల మధ్య ఎంత ఎడముంటే కందో, శనగో పండుతుంది? తోట ప్రక్క చేనులోని తేమను ఎంత లాగుతుంది? తోట తీసివేస్తే మోళ్ళు పెకలించడానికి ఎంత ఖర్చవుతుంది? పొలమంతా తోటవేస్తే కౌలుదారు ఎక్కడికి పోవాలి? ఒకే రకం చెట్టు వేల ఎకరాలలో ఉంటే పురుగు పడినప్పుడు గతేమిటి? ఈ చివరి ప్రశ్న ఊహించి అడుగుతున్నది కాదు. 1988లోనే సుబాబుల్ చిగుళ్ళ రసం పీల్చే చిన్న పురుగు విదేశాల నుండి మన దేశంలో ప్రవేశించింది. 2000 తరువాత జామాయిల్ ఆకులకు బుడిపెలు కట్టించే కందిరీగ వచ్చి క్లోన్ తోటలనూ వదలలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. 1983లో కెనడా ప్రభుత్వ సహాయంతో మన రాష్ట్రంలో సామాజిక అడవుల పథకం నడిచింది. పంటలతోపాటు చెట్ల పెంపకంపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలైనదీ 1983లోనే. 1988లో ఝాన్సీలో దీనికొక జాతీయ పరిశోధనా కేంద్రం పెట్టారు. 2014లో దీనికై ప్రత్యేక జాతీయ విధానం ప్రకటించిన మొదటి దేశం మనదే. 2016-17లో ప్రత్యేక ఉప మిషన్ కూడా వచ్చింది. 2022-23కల్లా దానిని వేరొక పెద్ద పథకంలో కలిపివేశారు. మన పాత రాష్ట్రానికున్న రాజేంద్రనగర్ కేంద్రం 2014 విభజనలో తెలంగాణ వైపు ఉండిపోయింది.

ఇక్కడే గుమాస్తాగా నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో మొక్కల పద్దు నా బల్ల మీదనే ఉండేది. మొక్క నాటవలసిన అదను తొలకరి తరువాత. డబ్బు మంజూరయ్యేది ఫిబ్రవరిలో. మార్చి 31 లోపల ఖర్చు చేయకపోతే నిధులు మురిగిపోతాయి. మూడవ ఏట పథకం ముగిసింది, కాపలాదారు జీతం ఆగింది, మేకలు మిగతా పని పూర్తిచేశాయి. ఫైలు మీద మాత్రం 'లక్ష్యం సాధించబడినది' అని ఉన్నది. మిర్చి రకం మంచిదో కాదో రెండు మూడేళ్ళలో తేలుతుంది. చెట్టు సంగతి తేలడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు కావాలి. అంతకాలం లాభం చూడకుండా కాచుకోగలిగినది ప్రభుత్వం ఒక్కటే. అదీ కాచుకోకపోతే ఇక ఎవరూ లేరు.

కాచుకున్న ప్రభుత్వాలూ ఉన్నాయి. కెనడాలో చెట్టు లేని గడ్డి మైదానాలున్నాయి. అక్కడ ఇండియన్ హెడ్ అనే ఊరిలో 1901లో ప్రభుత్వం ఒక నర్సరీ పెట్టింది. చలిని, గాలిని తట్టుకునే చెట్లేవో పరీక్షించి, పొలాల చుట్టూ గాలి అడ్డుకు 60 కోట్లకు పైగా మొక్కలు రైతులకు ఇచ్చింది. నూరేళ్ళకు పైగా సాగిన ఆ పథకాన్ని 2013లో ఖర్చు తగ్గింపు క్రింద ఆపివేశారు. ధనిక దేశంలోనే అట్లా జరిగిందంటే, అడిగేవారు లేనిచోట ఏమవుతుందో ఆలోచించండి.

కనుక సంఘం తరఫున మూడు కోరికలతో తీర్మానం చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఒకటి, చెట్ల పరిశోధనకు సంవత్సరంతో మురిగిపోని పదిహేనేళ్ళ నిధి ఉండాలి. రెండు, వ్యవసాయ విశ్వవిద్యాలయ కేంద్రం మన లాంలోనే ఉన్నది గనుక, నల్లరేగడిలో రైతుల పొలాలలోనే పరీక్షా తోటలు వేసి, ఫలితాలు మంచివైనా చెడ్డవైనా తెలుగులో అచ్చువేయాలి. మూడు, కౌలుదారు నష్టపోకుండా పంట, చెట్టు కలిసి సాగే పద్ధతులకు ముందు చోటివ్వాలి.

ఈలోగా మనమూ ఒక పని చేయవచ్చు. పొలమంతా ఒకే తోటకు అప్పగించే ముందు కౌలుదారును పిలిచి మాట్లాడండి. గట్ల వెంట రెండు మూడు రకాల చెట్లు వేసి, నాటిన తేదీ, ఖర్చు, పెరుగుదల ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. రికార్డు రాయడం మనకు వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. రేపు శాస్త్రవేత్త వచ్చి అడిగితే చూపడానికి మన దగ్గర కాగితం ఉంటుంది.