దిగులు జబ్బు – సకాలంలో చికిత్స



నాటిన మూడు వారాలకు వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనబడితే, జింకు లోపమని గుర్తించి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తాం. పైరుకు పౌరుషం లేదని తిట్టి వూరుకోము గదా! ఇంట్లో మనిషి వాడిపోతుంటే మాత్రం సోమరితనమనీ, పిరికితనమనీ అంటాం. అది జబ్బు కావచ్చు. డాక్టర్లు దానిని డిప్రెషన్ అంటారు. మన మాటల్లో దిగులు జబ్బు.

పంట పోయినప్పుడు, అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడినప్పుడు దిగులు సహజమే. కొన్ని రోజులకు తేరుకుంటాం. అలా కాక రెండు వారాలకు పైబడి మనసు బరువుగా ఉండడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తగ్గడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, “నేను ఇంటికి బరువు” అనడం కనబడితే అనుమానించాలి. కొందరు దిగులు బయటికి చెప్పరు. ఒళ్లునొప్పులంటారు, విసుక్కుంటారు, తాగుడు పెంచుతారు. ఆడవారికి కాన్పు తర్వాత కూడా ఈ జబ్బు రావచ్చు.

అప్పుడు ఏం చేయాలి? పక్కన కూర్చొని చెప్పేది వినండి. నీతులు చెప్పవద్దు. “చచ్చిపోవాలనిపిస్తున్నదా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం వద్దు. అవునంటే ఒంటరిగా వదలక, ఆ రోజే ఆసుపత్రికి తీసుకొనిపోండి. పురుగుమందులు తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి వేరొకరి దగ్గర ఉంచండి.

ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించవచ్చు. అక్కడి డాక్టరు అవసరమైతే మానసిక వైద్యుని దగ్గరకు పంపుతారు. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నెంబరులో రాత్రింబగళ్లు, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మందులు గుణమివ్వడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి మానకూడదు. గుణం కనబడిన తర్వాత కూడా డాక్టరు చెప్పినదాకా వాడాలి.

ఎవరైనా ప్రాణం తీసుకోబోతే, కేసవుతుందని దాచవద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారుగానే చూడమంటున్నది. వారికి చికిత్స ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిదే.

మందు అప్పును తీర్చదు, నిజమే. కాని తేరుకున్న మనిషి బ్యాంకుకు వెళ్లి గడువు అడగగలడు, వచ్చే పంట సంగతి ఆలోచించగలడు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. పొలం చూడబోయినప్పుడు రైతునూ ఒకసారి పరికించి, “ఎలా ఉన్నావయ్యా?” అని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి.